నీళ్ల రోజు చెప్పిన ఫోను

ఇవాళ ఎవరి చేతిలో చూసినా ఫోన్లన్నీ ఒక్క మొహమే. అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు ఇంకా లేస్తున్న ఆ రోజుల్లో, నా దగ్గర మాత్రం ఎవరూ కొనని రకం ఫోను ఉండేది. (ఎవరూ కొనలేదని తరవాత తెలిసింది. కొన్నప్పుడు అందరికన్నా ముందున్నాననే అనుకున్నాను.) తెర నిండా రంగురంగుల పలకలు. వేలు తగలకుండానే వాన కబురూ, ఉత్తరం కబురూ ఆ పలకలే చెప్పేవి. హాస్టల్లో నా రూమ్మేట్, మేం గోదారి అని పిలిచే పిల్ల, "అందులో ఆటలు లేవు, క్యాబ్ బుక్ అవదు, ఇంకేంటే దాని గొప్ప?" అనేది. నాకవేమీ చెవికెక్కేవి కావు. అలాంటి పలక ఒక్కటైనా నా చేత్తో చేయాలి, అంతే.

ఆ ఫోనుకు ప్రోగ్రాములు రాయడం నేర్పే చోటు అమీర్‌పేట మొత్తానికి ఒక్కటే దొరికింది. పక్క హాళ్లలో జనం మెట్ల మీద కూడా కూర్చుని నోట్సు రాసుకుంటుంటే, ఈ గది మాత్రం బావురుమంటోంది. కౌంటర్ దగ్గరి అన్న తేల్చి చెప్పేశాడు. "డెమో క్లాసుకు పది మంది వస్తేనే బ్యాచ్ మేడమ్. లేకుంటే క్యాన్సిల్." నా ఆశంతా పది తలకాయల దగ్గర ఆగిపోయింది. హాస్టల్లో ఎనిమిది మందికి మిర్చిబజ్జీలు ఆశపెట్టి పోగేశాను. నాతో తొమ్మిది. పదో మనిషి దొరక్క మా వంటక్క చేయి పట్టుకుని లాక్కెళ్లాను.

"నాకు చదువు రాదు చెల్లె, ఆడ నేనేం జెయ్యాలె?"

"ఊరికే కూర్చో అక్కా, చాలు."

సారు శ్రీనగర్ కాలనీ నుంచి స్కూటర్ మీద వచ్చారు. బక్కపలచని మనిషి, జేబు మీద సిరా మరక. పది మందిని చూసి పొంగిపోయి, "ఫోను ఏం చెబితే మీకు పనికొస్తుందో అడగండి, ఇక్కడే చేద్దాం" అన్నారు. మా వాళ్ల ధ్యాసంతా బజ్జీల మీదే. వెనక బెంచీలోంచి వంటక్క లేచింది. "నల్లా నీళ్లు దినం విడిచి దినం వస్తయి సార్. ఏ దినమో యాదికుండదు. గా దినం చెప్తదా మీ ఫోను?" సారు నవ్వలేదు. "మంచి ప్రశ్న అడిగారమ్మా" అని ఆ మాటే బోర్డు మీద రాసి పని మొదలుపెట్టారు. రాసే ప్రతి వరుసా ఎందుకు రాస్తున్నారో గట్టిగా చెబుతూ గంట గడిపి, చివరికి నా ఫోనుకు కేబుల్ తగిలించారు. తెర మీద కొత్త పలక పుట్టింది. నీళ్లొచ్చే రోజు నీలం, రాని రోజు ఎరుపు. బజ్జీల సంగతి మరిచి అందరం నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, వంటక్క మెల్లగా "నేనన్న మాట అట్లనే చేసిండు" అంది.

మర్నాడు ఫీజు కట్టడానికి వెళ్లింది నేనొక్కదాన్నే. కౌంటర్ అన్న తల అడ్డంగా ఊపాడు. సారు మాత్రం "ఒక్కరొచ్చినా చెబుతాను" అని, నెల రోజులు, నిండిన హాలుకు చెప్పే గొంతుతో నా ఒక్కదానికే పాఠం చెప్పారు. అలాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ తరవాత పంజాగుట్టలో ఉద్యోగం వచ్చింది (అందరూ వాడే ఫోన్ల మీదే, ఒప్పుకుంటాను). పలకల ఫోను వంటక్కకు ఇచ్చేశాను. కొన్నాళ్లకు ఆ రకం ఫోన్లు చేయడమే మానేశారు.

మొన్న ఆ వీధిలో పనిపడి హాస్టల్ వంటింట్లోకి తొంగిచూశాను. ఉప్పు డబ్బా పక్కన చార్జరుకు తగిలించి అదే ఫోను. పలక ఎర్రగా ఉంది. బయట నల్లా మాత్రం ధారగా పోస్తోంది.

"ఇదేంటక్కా, ఎరుపు చూపిస్తోందిగా?"

"నీళ్ల దినం ఎన్నడో మారింది చెల్లె. ఇప్పుడు ఎర్రగుంటే వస్తయి, నీలముంటే రావు. ఉల్టా అయింది గని, ఒక్క దినం సుత తప్పలే."

సరిచేసి ఇస్తానని నోటిదాకా వచ్చింది. ఆ ఫోనులో అక్షరం మార్చే దారి కూడా ఇప్పుడెక్కడా లేదని అప్పుడు గుర్తొచ్చింది. నేనిప్పుడు రాసే ప్రోగ్రాములు ఎందరో వాడతారు, ఒక్క పూట మొరాయిస్తే తీసి పారేస్తారు. ఇన్నేళ్లుగా తప్పు చెబుతున్న పలకను నమ్ముకున్న మనిషి మాత్రం ఈవిడొక్కతే. పదో తలకాయ కోసం ఈమెను లాక్కెళ్లిన అప్పటి నన్ను తలుచుకుని నవ్వుకుంటూ, బిందె అందుకుని నల్లా కింద పెట్టాను.