ఎడమచేతి చుట్టు

గిటార్లు బాగుచేసే ఆయన జన్మలో అనని మాట ఒకటుంది: నాకు చేతకాదు. చేతకాని పనైనా సరే, పాడుచేస్తాడు, మళ్ళీ మొదలుపెడతాడు, ఇంకోసారి పాడుచేస్తాడు. ఆ మాట మాత్రం నోట రానివ్వడు. ఈ మొండితనం పుణ్యమా అని ఆరేళ్ళుగా ఒక్కడే కూర్చుని భోంచేస్తున్నాడు.

దుకాణం మేడమెట్ల కింద ఒక గది. అందులో రెండు బల్లలు. గోడవైపుది ఆయనది, కిటికీ పక్కది అక్కది. అక్క వెళ్ళిపోయాక ఆ బల్ల మీద ఒక్క మేకు కూడా పెట్టలేదు. చోటు చాలక సామానంతా నేల మీద పరుచుకుని, నడుం పట్టేసి మూలుగుతాడు. అయినా ఆ ఖాళీ బల్లను రోజూ పొద్దున్నే తుడుస్తాడు. ఎందుకయ్యా అని అడిగేవాళ్ళు లేరు కాబట్టి సరిపోయింది.

అక్కాతమ్ముళ్ళిద్దరూ పికప్‌లు చుట్టేవాళ్ళు. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద బిగించే చిన్న పెట్టె అది. తీగ కదిలితే ఆ కదలికను పట్టి స్పీకరుకు పంపుతుంది. లోపలి అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టాలి. అక్కది ఎడమచేతి వాటం. చేతి చక్రాన్ని తమ్ముడు ఇటు తిప్పితే ఆమె అటు తిప్పేది. చుట్టు అలా ఎదురైతే, పక్క పికప్‌తో కలిపి మోగించినప్పుడు ఒకదాని మోతను ఇంకొకటి మింగేస్తుంది. దానికి మందు చిన్నదే, చివరనున్న రెండు వైర్లూ తారుమారు చేసి అతికిస్తే చాలు. ఆ పని తమ్ముడిది. తమ్ముడు చుట్టినవాటిని కరిగిన మైనంలో ముంచి తీయడం అక్క పని. మైనం సరిగ్గా పట్టని పికప్, వాల్యూమ్ పెంచితే చాలు, కీచుమంటుంది.

అలా సగం సగం పంచుకుని హాయిగా బతికేవాళ్ళు. ఒకరోజు నలుగురి ముందు తమ్ముడు నోరు జారాడు.

"నీ ఎడమచేతి పని సరిదిద్దడంతోనే నా బతుకు తెల్లారిపోతోందక్కా!"

అక్క మైనం గిన్నె సంచిలో పెట్టుకుని పక్క ఊరు వెళ్ళిపోయింది. రేపొస్తుందిలే అనుకున్నాడు. ఎల్లుండి అనుకున్నాడు. తప్పయిపోయింది అని ఒక్క ముక్క అంటే సరిపోయేది కదా, అనలేదు మహానుభావుడు! ఆమె అడ్రసు తెలియకనా? మొదటి నెలలోనే కనుక్కున్నాడు. అప్పట్నుంచీ మైనం తనే కరిగిస్తున్నాడు, తను చేసిన ప్రతి పికప్పూ కీచుమంటూనే ఉంది. అవన్నీ ఒక డబ్బాలో పడేశాడు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం సంగీతం టీచరు గిటారు పట్టుకొచ్చింది.

"తీగలు బిగించే బ్రిడ్జ్ దగ్గర కొత్త పికప్ వేయించానండీ. అదొక్కటే మోగిస్తే ప్రాణం లేచొస్తోంది. మెడ దగ్గరిదాంతో కలిపితే మాత్రం రేకుడబ్బా కొట్టినట్టుంది."

ఆయన పికప్ విప్పి, సూది మీటరు తగిలించి, స్క్రూడ్రైవరు మొన దాని మీద ఆనించాడు. ముందుకు కదలాల్సిన సూది వెనక్కి కొట్టింది, అంటే చుట్టు ఎదురు. గబగబా తిప్పి చూస్తే అడుగున టేపు మీద పెన్నుతో రాసిన తేదీ, పోయిన నెలది. ఏడు అంకె తోకను అంత పొడుగ్గా లాగే మనిషి ఆయనకు తెలిసి ఒక్కరే.

"ఎక్కడ చేయించారమ్మా?"

"పక్క ఊళ్ళో పెద్దావిడ దగ్గరండీ. ఇలా మోగుతోందని వెనక్కి తీసుకెళ్తే, 'ఆ పని నాది కాదమ్మా, చేసేవాడు వేరే ఉన్నాడు' అని మీ అడ్రసిచ్చారు."

ఆయన వైర్లు మార్చి అతికించాడు. ఎన్నో వందలసార్లు చేసిన పని, ఈసారి అతుకు రెండుసార్లు చెదిరింది. రెండు పికప్‌లూ కలిపి మోగించగానే గదంతా నిండిపోయింది.

"ఆవిడ బాగున్నారా? చిక్కిపోయారా?"

"మునుపెలా ఉండేవారో నాకేం తెలుసండీ!" అని నవ్వింది టీచరు. "ప్రతి గురువారం పాఠం చెప్పడానికి అటే వెళ్తాను. ఏమైనా చెప్పమంటారా?"

ఆయన డబ్బాలోంచి కీచుమనే పికప్ ఒకటి తీసి కాగితంలో చుట్టిచ్చాడు. "ఇది ఇవ్వండి. చూస్తే తెలుస్తుంది."

మరుసటి శుక్రవారం టీచరు ఆ పొట్లం తిరిగి తెచ్చిచ్చి వెళ్ళింది. ఆయన ఆ పికప్‌ను గిటారుకు బిగించి వాల్యూమ్ చివరిదాకా పెంచాడు. కీచు లేదు, గీచు లేదు. పొట్లంలో చీటీ ఉంది.

"మైనం వేడి అరవై అయిదు డిగ్రీలు దాటనివ్వకు. బుడగలు ఆగేదాకా ఉంచు, ఇరవై నిమిషాలు పడుతుంది. ఇక నువ్వే చేసుకోవచ్చు."

తమ్ముడూ అన్న పిలుపు లేదు, బాగున్నావా అన్న పలకరింపు లేదు. చీటీ తిరగేసి చూశాడు. వెనక ఖాళీ.

ఆరేళ్ళుగా ఈ కిటుకు కోసం తల బద్దలు కొట్టుకున్నాడు. తీరా చేతికొచ్చాక చీటీని మళ్ళీ మళ్ళీ చదివాడు. పని నేర్పేసిందంటే ఇక పంపొద్దనేగా? ఇద్దరి మధ్యా మిగిలింది ఈ సగం పనే. అదీ ఇచ్చేసింది. ఆయన ఖాళీ బల్ల ముందు కూర్చుని ఏడ్చాడు. దాచడానికేముంది, వెక్కి వెక్కి ఏడ్చాడు.

మైనం అలమారలోనే ఉంది. థర్మామీటరూ ఉంది. అరగంటలో తేలిపోయే పని. ఆయన స్టవ్ వెలిగించలేదు. డబ్బాలో ఉన్న కీచు పికప్‌లన్నీ సంచిలో పోశాడు. ఒక కాగితం తీసుకుని రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు.

"అక్కా, చదివాను. నాకు చేతకాదు. నీ బల్ల ఖాళీగానే ఉంది."

టీచరు చేత పంపాలంటే గురువారం దాకా ఆగాలి. దుకాణానికి తాళం వేసి బస్సెక్కాడు. కాగితం చొక్కా జేబులో ఉంది, అక్క తలుపు తీసినప్పుడు ఆ మాట నోట రాకపోతే చేతిలో పెట్టడానికి.