పళ్ళ మీద నిఘా

నేను గుడివాడలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకుని బతుకుతున్నాను. అందువల్ల పండును పండులా తినే యోగం నాకు లేదు. పసుపుపచ్చగా మిలమిలలాడే మామిడిపండును చూస్తే అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం కార్బైడు సమీకరణం ఎడమ నుంచి కుడికి కనిపిస్తుంది. యాపిల్ కొనేముందు మైనం పూశారేమోనని గోటితో గీకుతాను. పుచ్చకాయ మరీ ఎర్రగా ఉంటే, అంత ఎర్రగా ఉండాల్సిన అవసరం దానికేమొచ్చిందా అని ఆలోచిస్తాను. మా ఆవిడ నాతో పళ్ళ బజారుకు రావడం మానేసి చాలా కాలమైంది. ఎందుకని అడిగితే "పరువు" అని ఒక్క మాట అంటుంది.

ఈ అనుమానాల వల్ల ఇంతకాలం నష్టపోయింది నా కడుపొక్కటే. కిందటేడాది మాత్రం బందరులో ఉన్న మా బావ కన్ను కూడా వాటి మీద ఆధారపడాల్సి వచ్చింది.

బావ అంటే చుట్టరికం కాదు. బందరులో డిగ్రీ చదివేటప్పుడు మాది ఒకే బెంచీ. శుక్రవారం మధ్యాహ్నం ఆయన మసీదుకు, నేను క్యాంటీనుకు వెళ్ళేవాళ్ళం. తిరిగొచ్చాక ఇద్దరి ముఖాల్లోనూ ఒకే రకం ప్రశాంతత ఉండేది. "బావా" అని ముందు ఎవరన్నామో గుర్తులేదు గానీ, ఆ వరసన తర్వాత వచ్చిన ఆయన భార్య నాకు చెల్లెలైంది. ఆవిడ ఆ వరసను నిజంగానే తీసుకుంది. అన్నయ్యగారూ అని పిలిచి, అన్నగారికి పెట్టాల్సినంతా పెడుతుంది.

బావకు బందరులో కళ్ళజోళ్ళ కొట్టుంది. ఊళ్ళో సగం ముక్కుల కొలతలు ఆయనకు నోటికొచ్చు. చిన్నప్పటి నుంచీ ఎడమకన్ను అంతంతమాత్రం. బతుకంతా కుడికంటి మీదే నడిపాడు. ఆ కుడికంట్లో శుక్లం వచ్చింది. మొదట్లో దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయన్నాడు. తర్వాత ఒకావిడ కళ్ళజోడును ఆవిడ అల్లుడిదనుకుని అతనికే ఇచ్చి పంపాడు. అల్లుడు మర్యాదస్థుడు, అత్తగారి ఊరి కొట్టు కదా అని కొన్నాళ్ళు నోరు మూసుకుని పెట్టుకున్నాడట. అది తెలిశాక బావ కొట్టు మూసేసి ఇంట్లో కూర్చున్నాడు.

డాక్టరు ఆపరేషన్ చిన్నదే అన్నాడు. కానీ షుగరు పెద్దదిగా ఉందన్నాడు. అది దిగేదాకా కన్ను ముట్టుకోనని, ఆలస్యమైతే ఆ ఉన్న ఒక్క కన్నూ ఇబ్బంది పెడుతుందని చెప్పి, "అన్నం తగ్గించండి, రోజూ నడవండి, పళ్ళు చూసి తినండి" అని పంపాడు. చూసే సౌకర్యమే ఉంటే ఆయన దగ్గరికి ఎందుకు వెళ్తామన్నది నేను అడగలేదు.

బయటికొచ్చాక బావ పని పంచాడు.

"అన్నం సంగతి మీ చెల్లెలు చూసుకుంటది. నడక నేను చూసుకుంటా. పళ్ళు నువ్వు చూడు బావా. నువ్వెటూ ఎవర్నీ నమ్మవుగా."

జీవితంలో నా గుణాన్ని ఒకరు అర్హతగా గుర్తించడం అదే మొదలు. ఆ వారం నుంచే ఆదివారం ఆదివారం గుడివాడలో జామకాయలు, బొప్పాయి కొనుక్కుని పాసింజరులో బందరు వెళ్ళడం మొదలుపెట్టాను. మామిడి, సపోటా, సీతాఫలం వద్దన్నాను. చక్కెరకేళి తన పేరులోనే నేరం ఒప్పుకుంది కాబట్టి విచారణ అక్కర్లేకపోయింది. జామకాయ అయితే దోరగా ఉండాలి. పండితే తీపి ఎక్కువ, పచ్చిదైతే మనిషి తినడు.

గుడివాడలో బండి మీద జామకాయలమ్మే ఆయన నన్ను చూడగానే బుట్ట మీద గోనెపట్టా కప్పే స్థితికి వచ్చాడు.

"మాస్టారూ, కాయ కొంటన్నారా, పెళ్ళిచూపులకొచ్చారా?"

"షుగరు మనిషి కోసమయ్యా. చూసి తీసుకోవాలి."

"చూడండి, ఎవరొద్దన్నారు. ముక్కు దగ్గర పెట్టుకుని ఆ వాసనేంటండీ?"

"మందు వాసన వస్తుందేమోనని."

"మందు వాసనొచ్చే కాయ మీకెందుకమ్ముతానండీ?"

ఈ జవాబు గురించి నేను గుడ్లవల్లేరు దాటేదాకా ఆలోచించాను. అమ్మను అన్నాడా, మీకు అమ్మను అన్నాడా అన్నది తేలలేదు.

కొన్ని వారాలకు రక్తపరీక్ష చేయిస్తే షుగరు దిగలేదు సరికదా, ఇంకాస్త ఎక్కింది. నేను ఆశ్చర్యపోలేదు. బజారు కాయను నమ్మడమే తప్పు, చెట్టు నుంచి నేరుగా తెచ్చుకోవాలన్నాను. దివిసీమలో కృష్ణ ఒడ్డున జామతోటలున్నాయని అందరికీ తెలిసిందే. బావ తానూ వస్తానన్నాడు. ఇంట్లో కూర్చుని కూర్చుని గోడలు కూడా కనపడటం లేదన్నాడు.

అవనిగడ్డ బస్సులో కిటికీ పక్క సీటు ఆయనకే ఇచ్చాను. అలవాటు కొద్దీ ఇచ్చాను.

"ఇప్పుడేమొచ్చింది బావా?"

"చల్లపల్లి."

"ఎట్టా ఉంది?"

"నువ్వు చూసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది."

ఆయన సరేనన్నట్టు తలాడించి అటే చూస్తూ కూర్చున్నాడు. నేను కాసేపు ఏ పండు గురించీ ఆలోచించలేదు.

తోట రైతు మంచివాడిలాగే ఉన్నాడు. అదే నాకు నచ్చలేదు. షెడ్డు వెనక మందు డబ్బా, పిచికారీ యంత్రం కనిపించాయి.

"మందు కొడతారా?" అన్నాను.

"కొట్టకపోతే పురుగు తింటదండి. కొడితే మీరు తినరంటున్నారు. మరి ఎవరికోసం కాయించమంటారు?"

"ఎప్పుడు కొట్టారు?"

"కొట్టి చాలా రోజులైందండి. నమ్మకపోతే నేనో కాయ తింటా చూడండి."

తిన్నాడు. కాసేపు ఆయన్నే గమనించాను. ఏమీ కాలేదు. ఒక్క కాయతో ఏమవుతుందిలే అనుకున్నాను. బావ ఈలోపల చెట్టు కింద నిలబడి, కొమ్మలు తడుముకుంటూ, ఒక కాయ కోసుకుని కొరికి, "బానే ఉంది బావా, ఇక పోదాం. పాపం ఆయన చేత ఇంకెన్ని తినిపిస్తావు" అన్నాడు.

దివిసీమ కాయలతోనూ షుగరు దిగలేదు. ఇక పళ్ళను అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. మనిషి మిగిలాడు. సాయంత్రం నడకకని బయలుదేరి బావ ఎటు నడుస్తున్నాడో ఎవరు చూశారు? బందరులో మిఠాయి కొట్టు తగలకుండా నడవాలంటే సముద్రం వైపు నడవాలి. ఆ ఆదివారం మాటల్లో మాటగా చెయ్యి పట్టుకుని నేతివాసన వస్తోందేమో చూశాను. కళ్ళు కనపడనివాడికి మిగతావన్నీ బాగా తెలుస్తాయి.

"నన్ను అనుమానిస్తున్నావా బావా?"

"నిన్ను కాదు. నీ షుగర్ని."

"అది నా ఒంట్లోనే ఉంది కదా."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మిఠాయి ముట్టలేదని ప్రమాణం చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. నేను నమ్మాలని అడగలేదు కూడా. ఆ రోజు రైల్లో నాకు కూర్చోవడానికి సీటు దొరికింది గానీ కూర్చోబుద్ధి కాలేదు.

తర్వాతి వారం తుఫాను హెచ్చరికని కాలేజీకి సెలవిచ్చారు. గుడివాడలో ఎండ కాసింది. చెప్పకుండా వెళ్తే నిజం తెలుస్తుందని మధ్యాహ్నమే రైలెక్కాను. ఇది నిఘా అని నాకు తెలుసు. క్షమాపణ చెప్పడానికి వెళ్తున్నానని మా ఆవిడకు చెప్పాను.

వెళ్ళేసరికి హాల్లో వీధి చివరి ఫ్యాన్సీ కొట్టాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో క్యారీబ్యాగు.

"షుగరు బాగా పెరిగిందంట కదా భాయ్. అన్నం కూడా మానేశావంట పాపం. అందుకే కాసిని ద్రాక్షలు తెచ్చా."

లోపల మిక్సీ తిరుగుతోంది. కాసేపటికి చెల్లెలు పళ్ళెంలో మూడు గ్లాసులు పెట్టుకుని వచ్చింది. ఒకటి ఆయనకు, ఒకటి నాకు, ఒకటి బావకు.

"ఇదేంటమ్మా?"

"బత్తాయి, యాపిలూ కలిపిన జ్యూసండి అన్నయ్యగారు. పంచదార చెంచా కూడా వెయ్యలేదు, ఒట్టు."

"రోజూ తాగుతాడా?"

"ఇంటికొచ్చినవాళ్ళకి ఏదోటి ఇవ్వాలిగా. వాళ్ళనొక్కళ్ళనే తాగమంటే ఏం బాగుంటది? వాళ్ళతోపాటు ఈయనా తాగుతారు."

నేను బావ వైపు తిరిగాను. "రోజుకెంతమంది వస్తారు?"

"లెక్కపెట్టలేదు బావా. నాకెటూ ఇద్దరిద్దరు కనపడతారుగా."

ఫ్రిజ్ తెరిచి చూశాను. నేను వద్దన్న పళ్ళన్నీ అందులో హాయిగా ఉన్నాయి. నా జామకాయలు అడుగున కూరగాయల సొరుగులో, కాకరకాయల పక్కన. మా వైపు ఒంట్లో బాగోలేని మనిషిని చూడటానికి ఒట్టి చేతులతో వెళ్ళరు. ఏ జబ్బయినా పళ్ళే. షుగరు పెరిగిందని తెలిస్తే ఇంకొంచెం మంచి పళ్ళు. కాకరకాయలు పట్టుకుని పరామర్శకు వెళ్ళినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

"నాకొక్క మాట చెప్పలేదేం?"

"నువ్వు అడిగింది మిఠాయి గురించి. పళ్ళు ఆరోగ్యమని నువ్వేగా చెప్పింది."

పళ్ళు పక్కింటికి ఇచ్చెయ్యమన్నాను. తెచ్చిందే పక్కింటివాళ్ళట. ఎదురింటికి ఇస్తే, అవి ఏ కొట్లోవో సంచీ చూసి గుర్తుపడతారట, ఎందుకంటే అవి కొనేటప్పుడు ఎదురింటాయన కూడా ఉన్నాడట. పారెయ్యడానికి చెల్లెలు ఒప్పుకోలేదు. "ప్రేమగా తెచ్చినవి అన్నయ్యగారూ, పాపం తగులుద్ది."

తెచ్చేవాళ్ళకే చెబుదామని ఫ్యాన్సీ కొట్టాయన్ని గుమ్మం దాకా సాగనంపుతూ, షుగరుకు పళ్ళరసం మంచిది కాదండీ అన్నాను. ఆయన చాలా నొచ్చుకున్నాడు. మర్నాడు కొబ్బరిబొండాల గెల పంపాడు. ఇంకొకాయన, సంగతి విని, ఖర్జూరాలు తెచ్చాడట. పండు కాదు భాయ్, ఎండిపోయింది అన్నాడట.

దారి చివరికి చెల్లెలే కనిపెట్టింది. ఆదివారం నేనూ బావా తలలు పట్టుకుని కూర్చుంటే, వంటింట్లోంచే అంది.

"కొట్టు తెరవండి. కొట్లో కూర్చున్న మనిషికి ఎవరూ పళ్ళు తేరు. బేరమాడతారంతే."

బావ తల అడ్డంగా ఊపాడు. "కళ్ళు కనపడనివాడు కళ్ళజోళ్ళమ్మితే ఊళ్ళో నవ్వుతారే" అన్నాడు.

"నవ్వనివ్వండి. నవ్వేవాళ్ళు కూడా పళ్ళు తేరు."

తెరిచారు. ఆవిడ పక్కన కూర్చుని కొలతలు చూసేది. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని అందరినీ గొంతును బట్టి పలకరించేవాడు. నవ్వినవాళ్ళు నవ్వారని ఆయన నాకు చెప్పలేదు. ఒక రోజు మాత్రం, "నవ్వు బాగా వినపడతది బావా" అన్నాడు. అంతే. మర్నాడు మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

షుగరు దిగింది. దిగిందనగానే నాకు కొత్త అనుమానం మొదలైంది. ఇంకో ల్యాబులో చేయించాను. అక్కడా దిగింది. రెండు ల్యాబులూ కుమ్మక్కు కావడానికి వాళ్ళకేం పనిలే అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆపరేషన్ సంగతి వీధిలో ఎవరికీ చెప్పలేదు. బంటుమిల్లిలో పెళ్ళికని చెప్పి ఇంటికి తాళం వేసి వెళ్ళారు. తిరిగొచ్చాక నల్ల కళ్ళద్దాలేంటని అడిగినవాళ్ళకు, కొత్త మోడల్ అని చెప్పారు.

నెలలోపే ఒక సాయంత్రం బందరు కోనేరు సెంటరు దగ్గర ఇద్దరం జామకాయల బండి ముందు ఆగాం. నేను చెయ్యి చాపేలోపు బావ నా మణికట్టు పట్టుకుని పక్కకు పెట్టి, తనే ఏరడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు. ఒక్కో కాయనూ దీపం వైపు తిప్పి చూశాడు. ఆయన చూస్తుంటే చూడటం బాగుంది.

నేనూ ఒకటి తీసి ఇచ్చాను. దోరగా, నున్నగా, ఏ వంకా లేనిది. ఆయన దాన్ని తిప్పి తొడిమ పక్కన వేలు పెట్టాడు.

"పురుగు."

"ఎక్కడ?"

"ఇదిగో, బొక్క. కనపడట్లా?"

నాకు కాయ కనిపించింది. బొక్క కనిపించలేదు. బావ కాయను బండి మీద పెట్టేసి, జామకాయలను చూసినట్టే నా ముఖాన్ని దీపం వైపు తిప్పి చూశాడు.

"ఇన్ని ఆదివారాలు నాకు తెచ్చినవి ఇలాగే చూసి తెచ్చావా బావా?"

"వాసన కూడా చూశాను."

"ఈ కళ్ళజోడెప్పుడు చేయించావు?"

"కిందటేడు."

"ఎవడి కొట్లో?"

"నీ దగ్గరే. నీకు దీపాల చుట్టూ వలయాలు కనపడుతున్న రోజుల్లో."

బావ నా ముక్కు మీది కళ్ళజోడు తనే తీసి, ఎత్తి పట్టుకుని కాసేపు అందులోంచి వీధిని చూసి, జేబులో వేసుకున్నాడు. తర్వాత రోడ్డవతల ఉన్న కొట్టు తాళంచెవులు బయటికి తీసి, రోడ్డు దాటించడానికి నా చెయ్యి పట్టుకున్నాడు.