తాళం వేసిందెవరని అడిగిన రోజులు

మొన్న మా తమ్ముడి కూతురు మొయినాబాద్ నుంచి చేవెళ్లకు నన్ను చూడటానికి వచ్చింది. భార్యాభర్తలిద్దరూ కలిసి అక్కడ రోడ్డు పక్కన ఒక దుకాణం మడిగ కిరాయికి తీసుకుని, ఫామ్‌హౌసుల తలుపులకు తాళాలు, కెమెరాలు బిగించే పని మొదలుపెట్టారు. తాళంచెవి పోగొట్టుకుని ఎవరైనా పిలిస్తే వెళ్ళి తలుపు తీసి కూడా వస్తారట. ఫోన్లు ఎత్తే పని ఈ పిల్లది. నేను చాయ్ పోసి చేతికిస్తుంటే, "అత్తా, నువ్వు ఇన్నేండ్లు చేసినవ్ గద, ఫోన్ రాంగనే కస్టమర్‌ను ముందుగాల ఏం అడగాలె?" అంది. నా పని గురించి అంత శ్రద్ధగా ఒకరు అడిగి చాలా కాలమైంది కనుక, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని ఒక్కొక్కటే చెప్పాను. అన్నింటికీ తల ఊపుతూ విన్న పిల్ల, చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నవ్వేసింది. "గా ముచ్చట అడిగితే మల్ల మనకు ఫోన్ చెయ్యరత్తా, వేరేటోళ్ళను పిలుచుకుంటరు" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. అయినా ఆమె బస్సెక్కి వెళ్ళిపోయాక, పొద్దుగూకేదాకా నా మనసు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మా ఆయనది బస్టాండుకు దగ్గర్లో చిన్న తాళాల దుకాణం. మనిషి కాళ్ళు చాపుకుంటే ఎదురు గోడకు తగిలేంత జాగా. అందులోనే ఆకురాయి, పట్టుకారు, గోడకు కొట్టిన మేకులకు గుత్తులు గుత్తులుగా వేలాడే, ఇంకా పళ్ళు కొయ్యని తాళంచెవులు. ఆయన చేతులు ఎంత నెమ్మదిగా, ఓపికగా పనిచేసేవో, నోరు అంత తొందరపడేది. ఫోన్ ఎత్తితే రెండు ముక్కల్లో "వస్త" అని పెట్టేసి, ఎక్కడికి వెళ్ళాలో అడగడం మరిచిపోయేవారు. అందుకని ఫోన్ నా చేతికి వచ్చింది. అవి ఇంకా అందరి చేతుల్లోకి సెల్‌ఫోన్లు రాని రోజులు. కిరాణా దుకాణాల ముందు ఎర్రటి కాయిన్ బాక్సులు ఉండేవి, మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మమ్మల్ని పిలిచేవాళ్ళు వాటిలో రూపాయి బిళ్ళ వేసి మాట్లాడుతుంటే మధ్యలో కుయ్ మని మోగేది, ఇంకో బిళ్ళ వెయ్యకపోతే మాట సగంలో తెగిపోయేది. అలా తెగిపోయేలోగా అవతలి మనిషి కష్టమేమిటో తెలుసుకోవాలి. ఏది ముందు అడగాలి, ఏది తర్వాత అడగాలి అన్నది నాకు ఆ కాయిన్ బాక్సులే నేర్పాయి.

ముందుగా ఇంట్లో ఎవరైనా ఉండిపోయారా అని అడిగేదాన్ని. ఒకసారి ఒక తల్లి ఊరూ పేరూ తాళం సంగతీ అన్నీ చెప్పి, చిట్టచివర చంటిది లోపలే నిద్రపోతోందని చెప్పింది. అప్పటి నుంచి అదే నా మొదటి మాట అయింది. తర్వాత పొయ్యి మీద ఏమైనా ఉందా అని. ఆ తర్వాత తాళం ఎటువంటిదని. వేలాడే తాళమా, తలుపులో ఇమిడిన తాళమా, చెవి లోపల విరిగిందా, పోయిందా అని. ఇల్లు ఎవరిదని, మేము వస్తే మిమ్మల్ని గుర్తుపట్టి ఫలానా అని చెప్పేవాళ్ళు పక్కిళ్ళలో ఎవరున్నారని. అన్నిటికన్నా చివర, తాళం వేసిందెవరని.

ఆ చివరిది మా ఆయన పోలీస్ స్టేషన్‌లో కూర్చుని వచ్చాక చేరింది. ఒక పెద్దమనిషి తన ఇంటి తాళం తీయాలని పిలిస్తే నమ్మి వెళ్ళి తీశారు. ఇల్లు ఆయనదే, నిజమే. కానీ తాళం కిరాయికి ఉన్నవాళ్ళది. వాళ్ళు పెళ్ళికని ఊరెళితే ఈ పెద్దమనిషి వాళ్ళ సామాను బయట పెట్టించాడు. ఆ కేసులో మా ఆయనను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. కానీ బజారులో వాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు. ఆ రోజు ఇంటికి వచ్చి ఆయన అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచారు. ఒకరు వేసిన తాళం ఇంకొకరు తీయమంటే తీసేది లేదని ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నారో.

అటువంటి కాలంలో మొయినాబాద్ దగ్గరి చిన్న మంగళారం ఊరి నుంచి ఒక ఫోన్ వచ్చింది. ఎండ బాగా ముదిరిన పొద్దు. అవతల ఒక ఆడమనిషి గొంతు, పక్కన పిల్లలు ఏదో అడుగుతున్న సవ్వడి.

"అక్కా, జర వస్తరా, ఇల్లు తియ్యాలె."

"ఇంట్ల ఎవరన్న ఉన్నరా చెల్లె?"

"లేరక్కా. అందరం బయటనే ఉన్నం."

"ఇల్లు మీదేనా? తాళంచెవి పోయిందా?"

"ఇల్లు మాదే. చెవి పోలేదక్కా, నా చేతులనే ఉన్నది. తాళమే మాది కాదు."

నాకు అర్థం కాలేదు. అంతలో బాక్సు మోగింది. ఆమె ఇంకో బిళ్ళ వేసింది. తాళం ఎవరు వేసిండ్రు అని అడిగాను. "మా బావ" అంది. ఆమె భర్త చనిపోయి కొద్ది వారాలే అయిందట. మట్టి చేసిన తర్వాత, పిల్లలిద్దరినీ తీసుకుని తల్లిగారింటికి వెళ్ళింది. తిరిగి వచ్చి చూస్తే తను వేసిన తాళం తలుపుకు లేదు, దాని చోట కొత్తది వేలాడుతోంది. అది వేసింది భర్త అన్న. ఆమె ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు. పిల్లల బడి బట్టలు లోపలున్నాయని మాత్రం రెండుసార్లు చెప్పింది.

మా ఆయనకు చెబితే చేతిలో ఆకురాయి కింద పెట్టి, "ఇంకోపారి కూసోవెడుతవా నన్ను స్టేషన్ల?" అన్నారు. నేను కాదనలేదు. తీయకపోతే తీయకు, పోయి చూసి వద్దాం, ఆడమనిషి ఎండలో పిల్లలతో కూర్చున్నది అన్నాను. ఆయన లేచి పనిముట్ల సంచీ సర్దారు. తర్వాత షట్టరు దించి, స్కూటరు బయటికి తీశారు.

ఆ దారంతా ఇప్పటిలా ఉండేది కాదు. రోడ్డుకు అటూ ఇటూ కూరగాయల మళ్ళు, బంతి తోటలు. అక్కడక్కడ మాత్రం కొత్తగా నాటిన హద్దురాళ్ళు తెల్లసున్నం వేసుకుని కనబడేవి. భూములకు ధర వస్తోందని, పట్నం వాళ్ళు కార్లలో వచ్చి చూసి పోతున్నారని అందరూ చెప్పుకునేవాళ్ళు. ఆమె ఇల్లు ఊరి చివర రోడ్డు మీదికే ఉంది. సర్కారు కట్టించి ఇచ్చిన రెండు గదుల ఇల్లు, ముందు చిన్న అరుగు. ఆ అరుగు మీద ఆమె, ఇద్దరు ఆడపిల్లలు, ఒక బట్టల మూట. చుట్టూ నలుగురైదుగురు ఇరుగుపొరుగు వాళ్ళు దూరంగా నిలబడి ఉన్నారు. ఆమె లేచి, పిడికిలి విప్పి తన తాళంచెవి చూపించింది. ఆమె అబద్ధం చెప్పలేదనడానికి ఆమె దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

మేము అక్కడ ఇంకా స్కూటరు దిగి మాట్లాడుతుండగానే బావ బండి మీద వచ్చాడు. ఎవరో కబురు చేసినట్టున్నారు. పొలం నుంచి నేరుగా వచ్చాడేమో, కాళ్ళకు మట్టి ఆరకుండానే ఉంది. మా ఆయనను చూసి, "తాళం మీద చెయ్యి వేసి చూడు, స్టేషన్ల లోపలేపిస్త" అన్నాడు. మా ఆయన రెండు అడుగులు వెనక్కి వేశారు. ఆయన ముఖంలో ఆనాటి బల్ల మీది మనిషి కనబడ్డాడు నాకు.

నాకు ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఊరు మాది కాదు, మనుషులు మావాళ్ళు కారు. రోజూ ఫోన్లో పదిమందిని అడిగే మాటలే కనుక నోటికి వచ్చి ఉంటాయి.

"అన్నా, తాళం తియ్యమన్నోళ్ళందరిని నేను కొన్ని ముచ్చట్లు అడుగుత. వేసినోడివి నువ్వు గాబట్టి నిన్ను అడుగుతున్న. ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

"ఎవరూ లేరు."

"మరి బయట ఎవరున్నరు?"

చిన్నపిల్ల అరుగు దిగి, తెలిసిన మనిషే కదా అన్నట్టు పెదనాన్న బండి దగ్గరికి వెళ్ళి నిలబడింది. అతను దాని వైపు చూడకుండా బండి హ్యాండిల్ వైపు చూశాడు.

"ఈ ఇంట్ల ఉండేటోళ్ళు ఎవరన్నా?"

అప్పుడు అతను నాతో కాదు, మరదలితో మాట్లాడినట్టుగా గొణిగాడు. "తమ్ముడే పోయినంక ఇగ రాదనుకున్న. తల్లిగారింట్లనే ఉంటదనుకున్న. ఈ జాగ, పక్క జాగ కలిపి పట్నమోళ్ళు కొంటమని అడుగుతున్నరు. అందరం బాగుపడుతం అనుకున్న." అతను చెడ్డవాడని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. తమ్ముడిని భుజం మీద మోసి వచ్చిన మనిషి, కొద్ది వారాలకే కొత్త తాళం కొని తెచ్చి ఆ తమ్ముడి తలుపుకు వేశాడు. రెండూ చేసింది ఒక్క మనిషే.

నేను అడిగినదానికి జవాబు వెనక నుంచి వచ్చింది. అతని తల్లి కర్ర ఊతగా సందులోంచి నడిచి వచ్చింది. పెద్దకొడుకు ఇంట్లో ఉంటున్న ముసలమ్మ. ఆమె ఎవరినీ ఏమీ అనకుండా నెమ్మదిగా అరుగెక్కి, చిన్నకోడలి పక్కన కూర్చుని, ఊపిరి తీసుకుని చెప్పింది.

"ఉండేటోళ్ళం మేము. నేను, నా కోడలు, ఈ పిల్లలు."

"నువ్వు మా ఇంట్ల ఉంటున్నవ్ గదనే అమ్మా" అన్నాడు కొడుకు.

"ఇయ్యాల్టి సంది ఈడ ఉంట. ఈ ఇల్లు సర్కారోళ్ళు నా పేరు మీద ఇచ్చిండ్రు బిడ్డా. నువ్వు మరిచినవ్."

మా ఆయన సంచీ భుజాన వేసుకుని ఆమె ముందుకు వెళ్ళి, వంగి కూర్చున్నారు. నేను ఎన్నడూ ఎవరినీ అడగని మాట ఆయన అడిగారు.

"అవ్వా, ఇది నీ కొడుకు వేసిన తాళం. నేను తీస్తే నీకు కొడుకు దూరమైతడేమో. ఎరుకేనా?"

ముసలమ్మ పెద్దకొడుకు వైపు చూసింది. అతని చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్ళింది. చెవి అందులోనే ఉందని అందరికీ తెలుస్తోంది. ఇస్తాడనే అనుకున్నాం. ఆ చెయ్యి అక్కడే ఆగింది. తర్వాత బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"ఎరుకే" అంది ముసలమ్మ. "తియ్యి కొడుకా."

పక్కింటాయన గడ్డపార తెస్తానన్నాడు, రెండు దెబ్బల్లో పోతుందన్నాడు. మా ఆయన వద్దన్నారు. సన్నటి పుల్లలు లోపలికి పంపి, తాళానికి తన చెవి ఆనించి వింటూ, ఆ ఎండలో అంతసేపు నిలబడి, ఒక గీత పడకుండా తీశారు. తీసిన తాళాన్ని ముసలమ్మ చేతిలో పెట్టి, నీ కొడుకుది అన్నారు. ఆమె దాన్ని కొంగులో కట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. అంతసేపూ గట్టిగా ఉన్న ఆ కోడలు గడప దగ్గరే ఆగిపోయింది. కాలు లోపలికి పడలేదు. ఎదురుగా గోడకు మేకు, దాని మీద ఆమె భర్త చొక్కా, విప్పి తగిలించినది తగిలించినట్టే ఉంది. ఇల్లు తెరిపించాలన్న పట్టుదలలో, తెరిస్తే ఏం కనబడుతుందో ఆమె తలుచుకోనే లేదేమో. ముసలమ్మే ముందు లేచి లోపలికి నడిచింది. ఆ చొక్కా కింద నిలబడి, "రా బిడ్డా" అని చెయ్యి చాపింది. అప్పుడు ఏడ్చారు ఇద్దరూ. మేము చెప్పకుండానే వచ్చేశాం. మా ఆయన ఇంటికి వచ్చి, అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

ముసలమ్మ బతికినంత కాలం ఆ ఇంట్లోనే ఉంది. వాళ్ళది ప్రార్థనకు వెళ్ళే కుటుంబం. ఆదివారం చర్చిలో మగవాళ్ళ వైపు పెద్దకొడుకు, ఆడవాళ్ళ వైపు చాప మీద అత్తాకోడళ్ళు కూర్చునేవారట. ప్రార్థన ముగిశాక అతను తల్లి వెనకాలే, ఆమె నడక వేగానికి తన నడక తగ్గించుకుని, అరుగు దాకా వచ్చి, ఆమె ఎక్కి కూర్చున్నాక వెనుదిరిగేవాడట. ఏ వారమూ మానలేదు, ఏ వారమూ లోపలికి రాలేదు. ఆ కోడలు కుట్టుపని చేస్తూ పిల్లలను చదివించుకుంది. చేవెళ్లకు బట్ట కొనడానికి వచ్చినప్పుడల్లా మా దుకాణం దగ్గర ఆగి ఈ సంగతులు చెప్పేది. తల్లి పోయిన రోజున అతను గడప దాటి లోపలికి వచ్చాడని కూడా ఆమే చెప్పింది. శవం పక్కన కూర్చున్న అతన్ని, నీళ్ళు తాగుతావా బావా అని ఆమె అడిగితే, తాగుతానని తల ఊపాడట.

మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మా మడిగలో ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తారు. తాళాలు వేలితో, అంకెలతో తెరుచుకుంటున్నాయి, మంచిదే. ఎండలో పుల్లలు పట్టుకుని నిలబడే కష్టం తప్పింది. అన్నదమ్ముల తగాదాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. అవి ఇప్పుడు వకీళ్ళ దగ్గర, కాయితాల మీద నడుస్తాయి. ఆ రోజు అతను తన తమ్ముడి పిల్ల ముఖం చూడలేక బండి హ్యాండిల్ వైపు చూశాడు కదా, ఆ సిగ్గు పడటానికి ఇప్పుడు చోటేదీ అని అనిపిస్తుంది. ఎదురుపడితే కదా తల దించుకోవడం. తల దించుకుంటే కదా, ఎన్నేళ్ళకైనా, ఒకరి ఇంట్లో ఒకరు ఇన్ని నీళ్ళు తాగడం.