రసీదు లేని హార్స్‌పవర్

అందరూ తిరుమల కొండకు వెళ్లి తలనీలాలు ఇచ్చి వస్తారు. నేను వెళ్లి, చేతికి రావలసిన కారును పోగొట్టుకుని వచ్చాను. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. నా చేజేతులా నేనే పోగొట్టుకున్నాను. ఇది చదివాక నా మీద ఎవరైనా జాలిపడతారన్న నమ్మకం నాకు లేదు. అసలు నాకు నమ్మకం అనేదే తక్కువ.

నా వృత్తి అలాంటిది. చిత్తూరులో దస్తావేజులు రాస్తాను. భుజాల మీద చేతులు వేసుకుని వచ్చిన అన్నదమ్ములు సంతకాల దగ్గర చొక్కాలు పట్టుకోవడం ఎన్నిసార్లు చూశానో. అందుకని కాగితం మీద లేనిది ఏదీ నమ్మను. బంకులో డీజిల్ కొట్టించుకుంటే మీటరు సున్నా మీద ఉందో లేదో రెండుసార్లు చూస్తాను. మా ఆవిడ రాధ కాఫీలో చక్కెర వేశానని చెప్పినా ఒక గుక్క తాగాకే తలూపుతాను. అలాంటివాణ్ణి నేనే మోసపోయానంటే, ఆ మోసం ఎంత దొడ్డదో మీరే ఆలోచించండి.

కారు మా నాయనది. పూతలపట్టు దగ్గర మామిడితోటకు వెళ్లి రావడానికి చాలా ఏళ్ల కిందట కొన్న డీజిల్ కారు. చూపు మందగించాక ఆయన నడపడం మానేసి పక్కన కూర్చునేవాడు, నేను నడిపేవాణ్ణి. మంచిరోజు చూసి కొండకు పోదామని, అక్కడ ఆంజనేయస్వామి గుడి ముందు బండికి పూజ చేయించి తాళాలు నాకే ఇచ్చేస్తానని అన్నాడు. ఒకటే షరతు పెట్టాడు.

"బండి ఎట్ల ఉండాదో అట్లనే ఉండాల. దాంట్లో ఏలు పెట్టినావంటే నీకియ్యను."

సరేనన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ ఆ వారంలోనే పూతలపట్టు రోడ్డు మీద తోతాపురి మామిడికాయలు నెత్తిదాకా నింపుకున్న ఒక ఆటో నన్ను దాటేసి పోయింది. దాటితే దాటింది, ఆ డ్రైవరు వెనక్కి తిరిగి నన్ను చూసి పోయాడు. ఆ చూపు నాకు మూడు రోజులు అన్నం సహించనివ్వలేదు.

నాలుగోరోజు, నాయనకు చెప్పకుండా తిరుపతిలో ఒక కుర్చీ, ఒక ల్యాప్‌టాప్, చాలా స్టిక్కర్లు ఉన్న దుకాణం ముందు కారు ఆపాను. డీజిల్ ఇంజిన్ లోపల చిన్న కంప్యూటర్ ఉంటుందట. దాని లెక్కలు మారిస్తే ఇంజిన్‌కు గాలీ డీజిలూ ఎక్కువ అంది, బలం పెరుగుతుందట. దుకాణం అతను స్టీరింగ్ కింద ఒక వైరు గుచ్చి, పావుగంట సేపు మీటలు నొక్కి, తెర మీద పైకి ఎక్కుతున్న ఒక ఎర్ర గీత చూపించి, అయిపోయిందన్నాడు. బానెట్ ఎత్తనైనా లేదు. నాకు వెంటనే అనుమానం వచ్చింది.

"ఏం మారిందో ఒక కాగితం మీద రాసిస్తావా?" అని అడిగాను.

"దీనికి కాగితం ఏముంటాదన్నా? ఘాట్ రోడ్డు ఎక్కిసూడు, బండే సెప్తాది" అన్నాడు.

తిరిగి వస్తుంటే ఒక కిలోమీటరు దూరం కారు ఎగురుతున్నట్టు అనిపించింది. తరువాతి కిలోమీటరులో అదే పాత కారు. ఇంజిన్ శబ్దం మారిందో నా చెవులు మారాయో తేల్చుకోలేకపోయాను. మరునాడు ఏమీ ఎరగనట్టు, బండిలో తేడా ఏమైనా తెలుస్తోందా అని రాధను అడిగితే, సీటు కవర్లు ఉతకాలంది. వారం రోజులు నిద్రలో కూడా ఆ ఎర్ర గీత కనిపించింది. వాడు మార్చాడా? మార్చినట్టు నటించాడా? నాకు రుజువు కావాలి.

ఇక కొండకు వెళ్లే రోజు వచ్చింది. ఘాట్ రోడ్డు సంగతి మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. కింద టోల్‌గేటు దగ్గర బయలుదేరిన సమయం వేసి చీటీ ఇస్తారు. పెట్టిన సమయం కన్నా ముందే పైకి చేరితే, వేగంగా నడిపావని జరిమానా వేస్తారు. అందుకే తొందరగా ఎక్కినవాళ్లు చివరి మలుపుల్లో బండి ఆపుకుని, సమయం అయ్యేదాకా కోతులను చూస్తూ నిలబడతారు.

నాకు మాత్రం ఆ చీటీలో వేరే సంగతి కనిపించింది. బయలుదేరిన సమయం, చేరిన సమయం, పైన ముద్ర. దస్తావేజులు రాసేవాడికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? యాక్సిలరేటర్ తొక్కాను. వెనక సీట్లో రాధ కొబ్బరికాయల సంచీని చంటిబిడ్డలా పట్టుకుంది. పక్కన నాయన గోవిందనామాలు అందుకున్నాడు, కానీ అందులో భక్తి కన్నా భయమే ఎక్కువ వినిపించింది. చివరి మలుపులో నాలుగైదు కార్లు ఆగి ఉన్నాయి.

"ఆపరా, ఇంకా టైము కాలేదు" అన్నాడు నాయన. నేను ఆపలేదు.

పైన గేటు దగ్గర ఉద్యోగి చీటీ చూశాడు, గడియారం చూశాడు, నన్ను చూశాడు.

"ఏమప్పా, ఇంత తొందరగా ఎట్ల వచ్చినారు?"

తల వంచుకోవలసిన చోట నేను ఛాతీ విరిచాను. "ఇంజిన్ కంప్యూటర్ మార్పించినా సార్. బలం పెరిగింది. ఆ ముక్క కూడా రసీదులో రాస్తారా?"

పక్కన గోవిందనామాలు ఆగిపోయాయి. ఎప్పుడు మార్పించావని నాయన మెల్లగా అడిగాడు. పోయిన వారమని చెప్పాను. జరిమానా కట్టి, రసీదు జేబులో పెట్టుకున్నాను. పూజ అయింది, చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. నేను చేయి చాపి నిలబడ్డాను. నాయన నన్ను దాటి వెళ్లి, రెండు నెలల కిందటే డ్రైవింగ్ నేర్చుకున్న రాధ చేతిలో తాళాలు పెట్టాడు. నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఊరందరినీ అనుమానించే నన్ను మా నాయన అనుమానించడం అదే మొదటిసారి.

అయినా జేబులో జరిమానా రసీదు ఉందన్న ధైర్యం ఒకటి మిగిలింది. కారు పోతే పోయింది, బలం మాత్రం నిజమే కదా. మరుసటి వారం, బండిని మళ్లీ పాత పద్ధతిలోకి తెప్పిస్తానని నాయన చిత్తూరులో మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు. రాధ నడిపింది, నేను వెనక కూర్చున్నాను. మెకానిక్ తన యంత్రం తగిలించి చాలాసేపు చూశాడు.

"పెద్దాయనా, దీంట్లో ఎవురూ ఏమీ మార్చలేదే. కంపెనీవోళ్లు పెట్టింది పెట్టినట్టే ఉండాది."

ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకున్న రసీదు తీసి చూపించి, మరి ఈ వేగం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. అతను దాన్ని చదివి, నా కాలి వైపు చూశాడు. గట్టిగా తొక్కి ఉంటారు సార్ అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోవలసిన ఆ సమయంలో నా వృత్తి నన్ను లేపి కూర్చోబెట్టింది.

"నాయనా, అయితే షరతు తప్పలేదు కదా. బండి ఎట్ల ఉండిందో అట్లనే ఉండాది. తాళాలు నాకే రావాల."

నాయన తలూపాడు. నాకు ఆశ పుట్టింది.

"షరతు తప్పలేదురా, నిజమే. తప్పేదానికని పోయి, దాంట్లో కూడా మోసపోయి వచ్చినావు. అట్లాంటోడికి బండి ఎట్లిచ్చేది?"

కనుక నేను, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇవ్వడమేమనగా: ఇకమీదట ఏ ఇంజిన్ బలాన్నీ పెంచబోనని, పెంచానని ఎవరు చెప్పినా నమ్మబోనని, తోతాపురి ఆటోలు ఎన్ని దాటినా పక్కకు జరిగి దారి ఇస్తానని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. సాక్షి సంతకం పెట్టమని రాధను అడిగాను. పెడతానంది గానీ, ముందు మొత్తం రెండుసార్లు చదవాలట.