నాలుగు పేజీల అర్జీ

మదనపల్లెలో ఒక పెద్దాఫీసు గేటు బయట, జిరాక్సు అంగడి పక్కన, ముక్తియార్ బల్ల వేసుకుని ఇరవై ఆరేళ్లయింది. పొద్దున్నే పుంగనూరులో బస్సెక్కి వస్తాడు, సాయంత్రం మళ్లీ అదే దారిన ఇల్లు చేరతాడు. అర్జీలు రాయడం అతని పని. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా, కాగితం మీద పెన్ను పెడితే తెలుగు ధారగా వస్తుంది. ఆ సంగతి అతనికి తెలుసు. నిజం చెప్పాలంటే అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువే తెలుసు.

ఎవరొచ్చినా ముందు స్టూలు మీద కూర్చోబెట్టి కథంతా వింటాడు. "మహారాజశ్రీ అధికారి గారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టి, వాళ్ల తాతల నాటి సంగతులు, ఎండిన బోర్లు, చచ్చిన ఎద్దులు, ఏదీ వదలకుండా రాస్తాడు. రాశాక గట్టిగా చదివి వినిపిస్తాడు. విన్నవాళ్లు కళ్లొత్తుకుంటేనే అర్జీ కుదిరినట్టు. కార్బను పెట్టి తీసిన నకలును రేకుపెట్టెలో దాచుకుంటాడు. ఇరవై ఆరేళ్లలో ఒక్క నకలు కూడా పారేయలేదు.

తంబళ్లపల్లె దగ్గరి పల్లె నుంచి వచ్చే సిద్ధమ్మకు అలా మూడు అర్జీలు రాసిచ్చాడు. ఆమె భర్త మారప్పకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలి. చోటు దొరికింది కుప్పంలో. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు దాటుకుని బస్సులు మారుతూ పోవడానికి ఒక పూట, రావడానికి ఒక పూట. వచ్చినరోజు మనిషి మనిషిలా ఉండడు. ఆ చోటేదో మదనపల్లెలోనే ఇప్పించమని ఆమె మొర. నెలకొకటి చొప్పున మూడు అర్జీలిచ్చినా ఉలుకూ పలుకూ లేదు.

మూడోది మాత్రం ముక్తియార్ ప్రాణం పెట్టి రాశాడు. నాలుగు పేజీలు. పదేళ్ల వయసులో మారప్ప గొర్రెల వెంట పడటం, కరువేడాది మంద మొత్తం పోతే మిగిలిన ఒక్క పిల్లను చంకనేసుకుని ఇల్లు చేరడం, దానికి తన అన్నంలోని గంజి పోసి బతికించుకోవడం, ఆ ఒక్కదాని సంతతితోనే మళ్లీ మంద కట్టడం, ప్రతి గొర్రెకూ పేరు పెట్టి పిలవడం, అన్నీ వచ్చాయి. చదువుతుంటే సిద్ధమ్మే కాదు, జిరాక్సు అంగడి కుమారి కూడా మిషను ఆపి ముక్కు చీదింది.

ఈలోగా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. కూతురు తహసీన్ ఊరుకోలేక, ఆఫీసు ఉత్తరాలు, వ్యాపార రాతలు నేర్పే ఆన్‌లైన్ కాలేజీ కోర్సులో తండ్రి పేరు రాయించింది. ముక్తియార్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది. కోపమొస్తే అతను ఇంట్లో కూడా తెలుగులోకి దిగుతాడు.

"నాకు రాత నేర్పేవోల్లు యాడుండారు?" అని గద్దించాడు.

అయినా కూతురి మాట తీసేయలేక సాయంత్రం పూట బియ్యం డబ్బాకు ఫోను ఆనించుకుని కూర్చునేవాడు. పాఠం చెప్పే శోభారాణి మేడం మూడో వారంలో, పనిలో భాగంగా రాసిన ఉత్తరం ఒకటి పంపమన్నారు. సిద్ధమ్మ మూడో అర్జీ నకలును నాలుగు ఫొటోలు తీయించి పంపాడు. ఇక మేడం ఏమంటుందో చూద్దామని ఆ రోజు కొత్త చొక్కా కూడా వేసుకున్నాడు.

మేడం ఆ అర్జీని అందరికీ చూపించారు. "రెండు నిమిషాలు ఇస్తాను. ఈ మనిషికి ఏం కావాలో చెప్పండి" అన్నారు.

ఒకరు గొర్రెలకు లోను అన్నారు. ఇంకొకరు బోరు అన్నారు. రెండు నిమిషాలూ అయిపోయాక, మూడో పేజీ అడుగున ఉందని ఒక అమ్మాయి కనిపెట్టింది.

"చాలా బాగా రాశారు సార్. చదువుతుంటే నాకే దుఃఖమొచ్చింది" అన్నారు మేడం, మెల్లగా. "కానీ ఆ అధికారి బల్ల మీద రోజూ కట్టలకొద్దీ కాగితాలుంటాయి. ఏం కావాలో మొదటి రెండు లైన్లలో కనబడకపోతే పక్కన పెట్టేస్తారు. ఆయన చెడ్డవాడై కాదు సార్, మనం చెప్పలేదు కాబట్టి."

రెండు రోజులు ముక్తియార్ పాఠానికి కూర్చోలేదు. మూడో రోజు రేకుపెట్టె తెరిచి, తానే అధికారి అయినట్టు ఒక్కో నకలూ తీసి చూశాడు. అడిగిన సంగతి ఒక్కదాంట్లోనూ మొదటి పేజీలో లేదు. కుంటివాడి సర్టిఫికెట్టు, వితంతువు పింఛను, హద్దురాళ్ల తగాదా, అన్నీ కన్నీళ్ల కిందే ఎక్కడో ఉన్నాయి. వాటిలో ఎన్ని పనులు కాలేదో అతనికి గుర్తొచ్చింది. అప్పుడల్లా ఆఫీసువాళ్లను తిట్టాడు. ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియక పెట్టె మూసేశాడు. ఇన్నేళ్లూ తాను రాసింది వాళ్ల కోసమా, తన ముచ్చట కోసమా? భయమేసింది.

సోమవారం సిద్ధమ్మ రాగానే కొత్త అర్జీ రాశాడు. ఏడే లైన్లు. ఏం కావాలో పైనే. పేరు, ఊరు, జబ్బు, ఇప్పుడెక్కడికి పోతున్నదీ, అంతే. చదువుతాడని ఆమె కొంగు సర్దుకుని సిద్ధంగా కూర్చుంది. ఆమె కొంగు కళ్ల దాకా పోకముందే చదవడం అయిపోయింది.

"అయిపాయనా? ఆయప్ప గొర్రెల సంగతి యాడ?"

"ఈతూరి వద్దమ్మా. ఇట్లయితేనే సదువుతారు."

సిద్ధమ్మ వేలిముద్ర వేసింది గాని మనసు ఒప్పలేదు. "మా ఇంటాయన మీద నీకేమన్నా కోపమొచ్చిందా అప్పా?" అని అడిగింది.

పన్నెండు రోజులకు, శనివారం మధ్యాహ్నం, ముక్తియార్ ఫోనుకు కబురొచ్చింది. సిద్ధమ్మకు ఫోను లేదని అర్జీలో తన నంబరే ఇచ్చాడు. మారప్పకు మదనపల్లెలో చోటిచ్చారు, బుధవారం నుంచి రావాలి. ముక్తియార్ బల్ల మీది కాగితాలు గాలికి ఎగురుతున్నా పట్టించుకోలేదు. కుమారికి టీ ఇప్పించి, కూతురికి ఫోను చేసి, ఆ కబురు రెండుసార్లు చదివి వినిపించాడు. ఇరవై ఆరేళ్లలో అంత సంతోషం ఎరగడు.

అర్జీ సంగతి కనుక్కోవడానికి ఎప్పుడూ సోమవారమే వచ్చే సిద్ధమ్మ ఆ సోమవారం రాలేదు. కబురంపుదామంటే ఆమె పల్లెలో ఎవరి నంబరూ అతని దగ్గర లేదు. బుధవారం గడిచిపోయింది. మరో సోమవారమూ రాలేదు. తంబళ్లపల్లె బస్సు వచ్చినప్పుడల్లా దిగేవాళ్ల మొహాలు చూసి చూసి అతని మెడ నొప్పెట్టింది. మూడో సోమవారం ఆమె బస్సు దిగింది. నుదుట బొట్టు లేదు.

"ఆ చిన్న అర్జీ ఇచ్చిన పై వారం, శుక్రారం కుప్పానికి పోతాంటిమి అప్పా. పుంగనూరు దాటినాక నా బుజం మీద తల పెట్టినాడు. నిద్రపోతాండాడులే అనుకుంటి. పలమనేరులో బస్సు మారాలని లేపితే లేయలేదు."

ముక్తియార్ ఫోను తీశాడు. ఆ కబురు తేదీ చూశాడు. కబురొచ్చింది ఆ మర్నాడే, శనివారం. ఒక్క రోజు.

"సిద్ధమ్మా, ఆ మర్నాడే మదనపల్లెలో చోటిచ్చినారు. తప్పు నాది" అన్నాడు. "మొదటిదే ఇట్ల చిన్నగా రాసింటే మూడు నెలల ముందే చోటు దొరికేది. ఆయప్ప బతికేవాడేమో. నేనే తెలీక పెద్ద పెద్దగా రాసినా."

"నువ్వేం జేస్తావు అప్పా. నువ్వు బాగనే రాసినావు" అంది సిద్ధమ్మ. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

"ఆ పెద్ద అర్జీ ఉండాదా?"

"ఉండాదమ్మా."

"ఒకసారి సదువప్పా. ఆయప్ప బతుకంతా దాంట్లోనే ఉండాది. పిల్లోల్లకు సెప్పబోతే నాకు వరసగా రాలేదు."

ముక్తియార్ రేకుపెట్టె తెరిచి నకలు తీశాడు. కార్బను అక్షరాలు అప్పుడే అలుక్కుపోతున్నాయి. మహారాజశ్రీ నుంచి మొదలుపెట్టి చదివాడు. కుమారి మిషను ఆపేసింది. గేటు దగ్గర ఎవరో అర్జీ రాయాలని వచ్చి అలాగే నిలబడ్డారు. మూడో పేజీ అడుగుకు వచ్చాడు.

"కావున ఏలినవారు దయతలచి, మదనపల్లెలోనే..." అక్కడ వేలు ఆనించి ఆగాడు.

"అది ఇంక వద్దులే అప్పా" అంది సిద్ధమ్మ. "ఆ గొర్రెపిల్ల కాడ మల్లా సదువు."

ముక్తియార్ కళ్లద్దాలు తుడుచుకుని మొదటి పేజీకి తిప్పాడు.