బాపు బొటనవేలు

నా చిన్నప్పుడు మా ఇంటి మీద బట్టలు ఆరేయకూడని తీగ ఒకటి ఉండేది. ఎల్లారెడ్డిలో ఎవరింటి మీద తీగ కనిపించినా ఆడవాళ్లు దాని మీద చీర వేసేవారు. మా ఇంట్లో మాత్రం ఆ తీగ జోలికి ఎవరైనా పోతే మా బాపుకు ప్రాణం పోయినంత పనయ్యేది. అది ఆయన రేడియో తీగ. పాటలు వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. హామ్ రేడియో అంటారు. సర్కారు పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తే, ఇంట్లో కూర్చుని ఎక్కడెక్కడి మనుషులతోనో ముచ్చట్లు పెట్టుకోవచ్చు.

బాపుకు బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. పొద్దంతా ఊరివాళ్ల రేడియోలు విప్పి, సాయంత్రం ఇంటికొచ్చి తన రేడియో ముందు కూర్చునేవాడు. పొద్దున చాయ్ తాగకముందు కూడా అదే పని. నన్ను మోకాళ్ల ముందు కూర్చోబెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, జపాను మనిషి మాటలు వింటూ నాకు జడలు వేసేవాడు. ఒక జడ పైకి, ఇంకో జడ కిందికి వచ్చేది. అమ్మ రెండూ విప్పి మళ్లీ వేసేది. “లోకమంత పలకరిస్తెగాని మీ బాపుకు తిన్నది అరగదు” అని నవ్వేది.

ఆ రేడియోలో ఫోనులో మాదిరి ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం కుదరదు. చేతి మైకు పక్కన ఒక బటన్ ఉంటుంది. బొటనవేలితో దాన్ని నొక్కితే మన మాట అవతలికి పోతుంది, పెట్టె మీద ఎర్ర బల్బు వెలుగుతుంది. మన మాట అయ్యాక ‘ఓవర్’ అని చెప్పి దాన్ని వదిలితేనే అవతలివాళ్ల మాట మనకు వినిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాట్లాడడం అయిపోయినా బటన్ వదలరు. అవతలి మనిషి గొంతు చించుకున్నా వీళ్ల చెవిన పడదు. పైగా జవాబు రావడం లేదని మళ్లీ మళ్లీ అడుగుతారు. అది చూస్తే బాపుకు భలే చిరాకు. నేర్చుకోవడానికి వచ్చిన కాలేజీ పిల్లల వేళ్ల మీద పెన్సిలుతో తట్టి, “అడిగినంక ఇడువాలె బిడ్డా. లేకుంటె అడుగుడెందుకు?” అనేవాడు.

నేను నాలుగో తరగతిలో ఉండగా అమ్మ కాన్పుకు పుట్టింటికి, డోంగ్లికి పోయింది. నా తర్వాత చాలా ఏళ్లకు నిలిచిన కడుపు. పోయేనాటికే కాళ్లు వాచి ఉన్నాయి. బస్సెక్కించేటప్పుడు బాపు నవ్వుతూనే ఉన్నాడు గానీ, బస్సు కనుమరుగయ్యాక కూడా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత ముసురు పట్టింది. వాగులు పొంగి ఆ దిక్కు బస్సులు ఆగిపోయాయి. టెలిఫోన్లు మూగబోయాయి. కాన్పు రోజులు దగ్గరపడి, దాటిపోయాయి కూడా. డోంగ్లి నుంచి మంచీ లేదు, చెడ్డా లేదు. నానమ్మ వండిన అన్నాన్ని ముగ్గురం కెలికి లేచిపోయేవాళ్లం. మనసులో ఉన్న మాట ఎవరమూ పైకి అనలేదు.

డోంగ్లికి అవతల, మహారాష్ట్రలోని దెగ్లూరులో బాపుకు ఒక రేడియో స్నేహితుడు ఉండేవాడు. ఏళ్ల తరబడి మాట్లాడుకున్నారే గానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నేను ఆయన్ని దెగ్లూర్ కాకా అనేదాన్ని. అటు వైపు దారి ఇంకా తెగలేదని తెలిసి, ఒక పొద్దున బాపు మొహమాటపడుతూనే రేడియోలో ఆయనకు సంగతి చెప్పాడు. కాకా రెండో మాట అడగలేదు. తన రేడియోను, బ్యాటరీని గోనెసంచుల్లో చుట్టుకుని, ఎవరిదో ట్రాక్టరు మీద వానలోనే బయలుదేరాడు.

మధ్యాహ్నం దాటాక ఆయన గొంతు పలికింది. డోంగ్లి చేరానని, మా అమ్మమ్మ వాళ్ల వాకిట్లో వేపచెట్టుకు తీగ కట్టానని చెప్పాడు. ఆ తర్వాత, “ఖబర్ భాభీ ఖుద్ బోలేంగీ, ఠైరో” అన్నాడు. కబురు వదినే స్వయంగా చెబుతుంది, ఆగండి అని. మళ్లీ సప్పుడు లేదు.

అమ్మ బతికే ఉందని మాకు అర్థమైంది. కానీ మంచి కబురైతే ఆయనే చెప్పేవాడు కదా, ఎందుకు చెప్పలేదు? నానమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. “పిల్ల దక్కలేదో ఏమో” అని తనలో తాను అనుకున్నట్టుగా అంది. బాపు విననట్టే ఉన్నాడు. నేను ఆయన చొక్కా అంచు పట్టుకుని నిలబడ్డాను.

చివరికి అమ్మ గొంతు సన్నగా “హలో” అంది. బాపు గబుక్కున మైకు అందుకున్నాడు. “ఎట్లున్నవే? పానం మంచిగున్నదా? కాళ్ల వాపు తగ్గిందా? డాక్టరు వచ్చిండా? ఏమన్న తిన్నవా? ఓవర్” అన్నాడు. కాసేపు ఆగి మళ్లీ అదే అడిగాడు. మళ్లీ ఆగాడు. “నువ్వు రంది వెట్టుకోకు. ఏమైనా గానీ, నువ్వుంటె నాకు సాలు. ఇనవడుతుందా? ఓవర్.” జవాబు లేదు. “ఏమంటుందిరా?” అని నానమ్మ అడిగితే, “పలుకుత లేదే అమ్మా” అన్నాడు. ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

పెట్టె మీద ఎర్ర బల్బు వెలుగుతూనే ఉంది.

“బాపూ, నువ్వు బటన్ ఇడుస్తలేవు” అన్నాను. ఆయన నా వైపు చూశాడు గానీ మాట తలకెక్కలేదు. ఇంత లోకానికి నేర్పిన మనిషి, ఆ మైకును పిడికిట్లో బిగించి కూర్చున్నాడు. నేను రెండు చేతులతో ఆయన బొటనవేలు పట్టుకుని లాగాను. వేలంతా చెమట. అది పక్కకు జరగగానే అమ్మ గొంతు కోపంగా గదిలోకి వచ్చేసింది. “...జర నన్ను గూడ మాట్లాడనియ్యి! నేను మంచిగనే ఉన్న. పిలగాడు పుట్టిండు, వాడు గూడ మంచిగనే ఉన్నడు. ఎన్నిసార్లు చెప్పాలె నీకు? ఇగో, ఇను.”

ఆ వెంటనే గరగర మధ్య ఒక పసికూన కేర్‌మంది. నానమ్మ వంటింట్లోకి ఉరికి గుప్పెడు ఉప్పు తెచ్చి రేడియో పెట్టెకే దిష్టి తీసింది. బాపు మైకు కింద పెట్టి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అమ్మ నోటనే వింటే తన దోస్తుకు ఎక్కువ సంతోషమని కాకా అనుకున్నాడట. పచ్చి బాలింతను లేపడం ఇష్టం లేక రేడియోనే మంచం దాకా మోసుకుపోయేసరికి అంతసేపు పట్టిందట. ఆ మంచితనం మా ప్రాణం తోడేసింది. తమ్ముడి పురుడుకు ఆయన వస్తే, ఏళ్లుగా గంటలు గంటలు మాట్లాడుకున్న ఇద్దరు మగవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని, ఏం మాట్లాడాలో తోచక వానల గురించి మాట్లాడుకున్నారు.

రేడియోలో అమ్మ మాట విన్న రోజు సాయంత్రం బాపును ఆటపట్టించాను, బటన్ వదలడం నువ్వే మరిచిపోయావని. ఆయన నవ్వలేదు. నన్ను దగ్గరికి తీసుకుని, “మరిచిపోలే బిడ్డా, భయమైంది. ఇడిస్తె ఏం ఇనవడుతదో అని” అన్నాడు. పెద్దవాళ్లకు, అందులోనూ మా బాపుకు, భయం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

బాపు చివరి దాకా ఆ రేడియో వదల్లేదు. ఎనభై దాటాక కామారెడ్డిలో ఆస్పత్రి పాలయ్యాడు. చూడటానికి వచ్చినవాళ్లంతా ఎట్లుంది అని అడుగుతూనే, ఆయన నోరు తెరవకముందే ఏం గాదు, లేచి తిరుగుతవ్ అనేసి పోయేవారు. ఒక మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నాం. “ఎట్లుంది బాపూ?” అని అడిగాను. రేపోమాపో ఇంటికి పోదాం అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఆయన చాలాసేపు పైన తిరిగే ఫ్యాను వంక చూశాడు.

“భయమైతుంది బిడ్డా” అన్నాడు. “మీ అమ్మను ఇడిసి ఎట్ల పోవుడో తెలుస్తలేదు.”

ఆ తర్వాత చాయ్ వచ్చేదాకా అమ్మ గురించే చెప్పాడు. కొత్తగా కాపురానికి వచ్చినప్పటి సంగతులు, ఆమె అలిగిన రోజులు, తాను ఎప్పుడూ ఆమెకు చెప్పని మాటలు. అన్నీ అమ్మకు చెప్పమన్నాడు. చెప్పాను. నేను తొందరపడి ధైర్యం చెప్పి ఉంటే అవన్నీ ఆయనతోనే పోయేవి. ఇప్పటికీ ఎవరినైనా ఎట్లా ఉన్నావని అడిగితే, వచ్చే జవాబుకు నాకెంత భయం వేసినా సరే, నోరు మూసుకుని వాళ్ల పక్కన కూర్చుంటాను.