ఫిర్దోస్ నవ్వించిన దగ్గు

ఆదోనిలో పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లు గేటు దగ్గర, నోటికి పాతచీర పేలికలు కట్టుకున్న ఆడకూలీలను నవ్వించడమే ఫిర్దోస్ మొదటి గెలుపు. ఎన్నో యూనియన్ సభల్లో ఆమె జోకులకు ఎవరూ నవ్వలేదు; చివరికి మిల్లు యజమాని సేటు నడక నడిచి చూపిస్తే, పేలికల వెనక నవ్వుకు అందరి భుజాలూ కదిలాయి. అప్పటినుంచి ఆమె ముఖాలు చూడదు, భుజాలే చూస్తుంది. బళ్లారిలో, హైదరాబాదులో, బెంగళూరులో స్టాండప్ కామెడీ వేదికలెక్కింది. చున్నీ నడుముకు బిగించి, ఎర్రజెండా బిడ్డనని చెప్పి మరీ యజమానులను ఉతికి ఆరేసింది. ఆదోని నుంచి నవ్విస్తూ అంతదూరం పోయిన ఆడపిల్ల మరొకతె లేదు. అయితే బెంగళూరులో ఒకసారి, యూనియన్ పెద్ద మద్దమ్మ నినాదమిస్తుంటే దూదిదుమ్ము దగ్గు అడ్డం పడి "ఇంక్విలాబ్" దగ్గరే ఆగిపోయే తీరును కూడా అనుకరించింది. హాలంతా పగలబడి నవ్వింది. ఆ వీడియో మిల్లుదాకా వచ్చింది. ఇప్పుడు సభల్లో మద్దమ్మ పిడికిలి ఎత్తుతుంది గానీ నోరు తెరవదు.

"నేను సేటునే అంటి గదక్కా!" అని మద్దమ్మకు ఫోను చేసి ఏడ్చింది ఫిర్దోస్.

"సేటునీ అన్నావులేమ్మా. వాళ్లు నగింది మాత్రం నా దగ్గుకే."

"తప్పయిపోయిందక్కా."

"ఆ మాట ఫోన్లో ఎందుకు? ఈడికొచ్చి, అందరి ముందర సెప్పు."

అందరి ముందర ఏం చెప్పాలో ఫిర్దోస్‌కు ఇంకా తోచలేదు. వస్తానని మాత్రం అంది, మే ఒకటిన, గేటు సభకు.